కరగని మంచు

ఇరవైమూడో నంబరు బస్సు నాది.
తెల్లారి అయిదుంపావుకి గ్యారేజీ దాటితే
బఫెలో తూర్పువీధులు ఒక్కొక్కటే అద్దంలోకి నడిచొస్తాయి.
పంతొమ్మిదేళ్లు మనుషుల్ని చూశాను.
ఈ చలికాలం ఇళ్లని చూస్తున్నాను.

ఏది ఖాళీ ఇల్లో మంచే చెప్పేస్తుంది.
మెట్ల మీద అడుగు పడదు, పార పడదు.
హీటర్ వెలిగే ఇంటి చూరు మధ్యాహ్నానికి చెమటోడుస్తుంది,
ఎవరూ లేని ఇల్లు తెల్లటోపీ
మార్చి దాకా తియ్యదు.
ఉత్తరాలపెట్టె నాలుక బయటపెట్టుకుని ఉంటుంది.
క్రిస్మస్ దండ తలుపు మీదే తుప్పురంగుకి తిరుగుతుంది.

ఎర్రలైటు పడ్డప్పుడల్లా చీటీ వెనక రాసుకుంటాను:
వీధి, నంబరు, పగిలిన కిటికీలెన్ని.
సెలవురోజున కౌంటీ ఆఫీసులో పన్ను బకాయిల జాబితా.
"మళ్లీ వచ్చావా ఒడెస్సా" అంటుంది గుమాస్తా,
కుర్చీ మాత్రం ముందే జరిపి పెడుతుంది.

మంగళవారాలు లైబ్రరీ నేలమాళిగలో పాఠం.
చెప్పేది ఒకప్పుడు బూట్ల దుకాణం నడిపిన ఫినియస్.
"బాగుచేశాక ఎంత పలుకుతుందో చూడు,
అందులో నూటికి డెబ్బై పట్టుకో,
మరమ్మతు ఖర్చు తీసెయ్. మిగిలిందే నీ ధర.
ఎందుకు అమ్ముతున్నారో తెలుసుకో,
ఎందుకింత తక్కువని మాత్రం చచ్చినా అడక్కు.
ఇంటిని ప్రేమించొద్దు, లెక్కని ప్రేమించు."
ఆఖరి మాట రాసుకుని కొట్టేశాను.
బస్సు లోనుకి జామీను పెట్టింది నా సొంత పొదుపని గుర్తొచ్చి
మళ్లీ రాశాను.

నలభైఒక్క ఉత్తరాలు, అన్నీ చేత్తోనే.
"అయ్యా, మీ ఇంటి ముందు నుంచి రోజుకి ఆరుసార్లు వెళ్తాను."
పదకొండు తిరిగొచ్చాయి.
ఒకాయన ఫోన్ చేసి తిట్టాడు, తీరిగ్గా, ఏదో నములుతూ.
ఒకామె చెప్పిన ధరకి ఆ వీధి వీధంతా వస్తుంది.
కొనబోతే కొరివి.
ఇక చాలనుకున్న వారం
పెన్సిలుతో రాసిన కార్డు:
"శనివారం రా. మూడో మెట్టు జాగ్రత్త. కాసిమిర్ వోయ్‌నార్."

లోపాలు వెతికి ధర దించాలని నేర్చుకుని వెళ్లాను.
ఆయన ఆ పని నా చేతుల్లోంచి లాక్కున్నాడు.
ఇదిగో పునాది చీలిక. ఇదిగో ఉబ్బిన నేల.
ఈ పైపు రెండుసార్లు పగిలింది, మూడోసారీ పగులుతుంది.
పెళ్లిలో చుట్టాల్ని పరిచయం చేసినట్టు
ఒక్కొక్క జబ్బునీ పేరుపెట్టి చూపించాడు.

నా కోటు ఎడమజేబులో మొదట చెప్పాల్సిన అంకె, పద్నాలుగువేలు.
కుడిజేబులో ఇక దాటకూడనిది, ఇరవైరెండు.
"తొమ్మిది" అన్నాడు. "నేను కొన్నదీ అంతకే."

చల్లారిన వంటగది. ఇద్దరి ఊపిర్లూ పొగలు.
ఫినియస్ ఉంటే ఈపాటికి చెయ్యి కలిపేసేవాడు.
నోరు జారింది:
"ఎందుకింత తక్కువ?"

"నువ్వు ఆగేదానివి.
పచ్చలైటు పడినా, వెనక కార్లు అరుస్తున్నా,
మా హాలీనా చేతికర్రతో వచ్చేదాకా ఆగేదానివి.
ఉత్తరంలో బస్సు నంబరు చూసి గుర్తుపట్టా."

పంతొమ్మిదేళ్లు మనుషుల్ని చూశానన్నాను కదా.
ఆవిడ నాకు గుర్తులేదు.
ఏ కర్రో, ఏ కోటో, ఏ ఉదయమో.
ఆ ముక్క ఆయనకి చెప్పలేదు.

ఎడమజేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టాను.
కుడిజేబుది తియ్యలేదు.
అంత మంచిదాన్ని కాను.

అయిదువేలు గంగలో పోశావన్నాడు ఫినియస్.
పైపు ఆయన చెప్పినట్టే మూడోసారి పగిలింది.
ప్లంబరు బిల్లు డాష్‌బోర్డు మీద ఇంకా ఉంది.

నిన్న ఆ స్టాపులో ఎవరూ లేరు. ఆగాను.
వెనకసీటు కుర్రాడు విసుక్కుంటూ తాడు లాగాడు.
పొగగొట్టం చుట్టూ పళ్లెమంత మేర
పెంకు నల్లగా, తడిగా, బయటపడి ఉంది.