పదకొండు

సిరొంచ దాటి ప్రాణహిత వంతెన ఎక్కకముందే
ఎడమ దిక్కు, టైర్లు అతికే దుకాణం పక్కన
నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటది.
దానికి సున్నం కొట్టే పని మాది.
ఏడాదికోసారి, సాహెబులొచ్చే ముందర,
కిలోమీటరు రాళ్ళతో పాటు దానికీ ఒక పూత.

రాయి మరాఠీలో మాట్లాడుతది:
ఈ రేవు దగ్గర, వరదలో,
కర్తవ్యం నెరవేరుస్తూ అసువులు బాసిన
రేంజర్ వామనరావు దేవ్‌ధర్,
మరియు ఇతరులు, 11.

అంతే. ఒక చుక్క.
ఆ చుక్కలో నల్లరంగు నింపేటప్పుడు
నా కుంచె ప్రతిసారీ కొంచెం ఎక్కువ తాగుతది.

మా అవ్వకు ఏ అక్షరమూ రాదు.
తునికాకు కాలంలో కల్లం మీద గొంతుక్కూర్చుని
కట్టలు లెక్కబెట్టేది,
ఒకటి రెండు అని కాదు:
ఓదెలు, బానక్క,
ఆత్రం బుచ్చి, బుచ్చి ఒళ్ళో పిల్ల,
గావిడె లచ్చు, లచ్చు మేనమామ,
నేతకాని సమ్మయ్య, వాని కొత్త పెండ్లాం,
కొమురక్క, మడావి చిన్ను.
అక్కడ ఊపిరి తీసుకునేది.
పదకొండో కట్ట కొంచెం ఎడంగా పెట్టి
"సూదులామె" అనేది.
"ఒక పడవైంది" అని ఇంకో వరుస ఎత్తుకునేది.

మున్షీ నెత్తి కొట్టుకునేటోడు.
అవతలి గట్టున కట్టకు యాభై ఆకులు,
ఇవతల డెబ్బై, ఆ తిరకాసే నాకు తెగదు,
నీ పడవలు ఏ పుస్తకంలో ఎక్కియ్యాలె ముసల్దానా!
అవ్వ నార ముడి పంటితో బిగించి చెప్పేది:
"రాసుకో బిడ్డా, నాలుగు పడవలు.
మీద బుచ్చి దాకా."

సూదులామె పేరు ఎవరికీ ఎరుక లేదు.
పిన్నీసులు, పూసలు, సూదులు గంపకెత్తుకుని
ఆ పొద్దే రేవుకొచ్చిందట.
అవ్వ ఒక సూది కొన్నది. చిల్లర లేదంటే
"తిరిగొచ్చేటప్పుడు ఇద్దువులే" అన్నదట.
ఆ అణా అవ్వ కొంగుముడిలోనే ఉండిపోయింది,
చీరలు మారినా, అణాలు చెల్లకుండా పోయినా.

పడవ ఎందుకు మునిగిందో రాయికి పట్టదు.
"నీళ్ళు ఎర్రగున్నయి దొరా, పొద్దు మళ్ళనీ" అన్నడు ఓదెలు.
సాహెబుకు అవతల పని.
సాహెబు సైకిలెక్కింది, రెండు ట్రంకులెక్కినయి,
మిగిలిన సందులో మనుషులెక్కిండ్రు.
మూడో రోజు సైకిలు దొరికింది.
పంచనామాలో ఉన్నదట, గంటతో సహా.

బడిలో ఉన్నప్పుడు నోటుబుక్కు ఆఖరి పేజీలో
ఆ పేర్లన్నీ రాసిన. నాకొచ్చింది మరాఠీ రాతే.
అందులో మన పొట్టి కొ లేదు,
కొమురక్క సాగిపోయి కోమురక్కైంది,
ఓదెలు నడుమ ఎక్కడో వంగిపోయిండు.
అవ్వకు చదివి వినిపిస్తే
చెయ్యి చెవికి అడ్డం పెట్టి విని,
"వీళ్ళెవరే?" అన్నది.

అవ్వ పోయినంక వంతెనొచ్చింది.
రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ
రాయిని పంటిపన్ను లెక్క పీకి
అరవై అడుగుల ఇవతల పాతింది,
ఏటికి వీపు పెట్టి.
పోయిన చలికాలం ఇసుక టిప్పరొకటి
వెనక్కి వస్తూ తగిలింది.
రేంజరు పోయిండు. కర్తవ్యం పోయింది. ఇతరులు పోయిండ్రు.
కింద మూలకు మిగిలింది అంకె ఒక్కటే,
పక్కపక్కన రెండు కొంకి గీతలు.

మొన్న దానికి సున్నం పూస్తుంటే
బండి మీద పోరడొకడు ఆగిండు.
హెల్మెట్ తియ్యకుండనే అడిగిండు:
"అక్కా, పదకొండు కిలోమీటర్లు ఏ ఊరికి?"

చెయ్యంతా సున్నం. నోట్లో మాట లేదు.
కుంచెతోనే ఏటి దిక్కు చూపిచ్చిన.
సరేనని వంతెనెక్కి పోయిండు.

తర్వాతి రాయి దగ్గర వంగి
ఓదెలు, అనుకున్న.
దాని తర్వాతది, బానక్క.
ఎండ నెత్తికొచ్చింది, సున్నం పలచబడ్డది.
మా గ్యాంగు హద్దు తొమ్మిది రాళ్ళకే.
కొమురక్క దగ్గర డబ్బా కడిగేసినం.