అడుగు

కేటా ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్ముతాను,
వేలెడంత చేపలు, డబ్బా కొలతకి.
చేప మంచిదో కాదో చెప్పమంటే
కళ్లు మూసుకుని చెబుతాను
మొప్ప ఎత్తి, వేలు పెట్టి, వాసన చూసి.
మనిషికి ఆ వేలు ఎక్కడ పెట్టాలో తెలియకే
మూడేళ్లు తిరిగాను.

ప్రవక్త సెలోమ్ అక్రా నుంచి వచ్చాడు,
వెనక రెండు వ్యాన్లు, మనిషెత్తు స్పీకర్లు.
మైకులో నా పేరు పెట్టి పిలిచాడు: జిబోర్దీ!
(ఆ పేరు గేటు దగ్గర చీటీ మీద నేనే రాసిచ్చాను.
అది గుర్తుకు రావడానికి నాలుగు నెలలు పట్టింది.)
నీ పడవ మునుగుతుందన్నాడు.
నాకు పడవ లేదు.
అయినా ఏడ్చాను.
ఐదు వందల సెడీలు విత్తనం వెయ్యమంటే వేశాను.
చిన్న సీసాలో నూనె ఇచ్చాడు,
మా వంటింటి నూనె వాసనే,
కాస్త లవంగం ఎక్కువ.

విత్తనం మొలవలేదు.
నీ విశ్వాసానికి చెద పట్టిందన్నాడు.
ఎక్కడ పట్టిందో మాత్రం చూపలేదు.

అప్పుడు వెళ్లాను అమెనువోర్ తాత దగ్గరికి.
పాత చర్చిని సముద్రం తినేశాక
తన వరండాలోనే బల్లలు వేసి
పిల్లలకి వాక్యం చెప్పే మనిషి.
వల బాగుచేసుకుంటున్నాడు.
"సెలోమ్ నిజం ప్రవక్తేనా? ఒక్క మాట చెప్పు తాతా."
"నాకు తెలీదమ్మా."
దైవజనుల నోట ఆ మాట వినడం
నాకదే మొదలు.

కాసేపు అలలే మాట్లాడాయి.
తర్వాత, రెండు డబ్బాల చేపలు పొయ్యమన్నాడు.
కొలిచి పోశాను.
డబ్బా చేతిలోకి తీసుకుని తిరగేశాడు.
అడుగున, సుత్తితో లోపలికి కొట్టిన సొట్టలో
బొటనవేలు పెట్టాడు.
వేలు అందులో సరిగ్గా కూర్చుంది.

ఏమీ అనలేదు.
రెండు నిండు డబ్బాల వెల లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

మా అమ్మ నాటి సొట్ట అది.
బజారులో ఎవరి డబ్బా చూసినా ఉంటుంది.
దాన్ని పక్కన పెట్టుకునే స్తోత్రాలు చెప్పాను,
దాన్ని పక్కన పెట్టుకునే ఉపవాసమున్నాను,
దేవుడి చిత్తం ఏమిటో ఎవరైనా చెప్పండని
ఊరూరా దేవులాడాను.

రాత్రి పొగ గూడు పక్కన కూర్చుని
రాయి పెట్టి కొట్టాను.
ఆ సొట్ట బయటినుంచి పోదు,
చెయ్యి లోపలికి పెట్టి కొట్టాలి.
పక్కింటి యావా లేచొచ్చి ఏమిటీ గోల అంది.
చెప్పాను.
ఏమీ అనకుండా వెళ్లి తలుపేసుకుంది.

ఇప్పుడు డబ్బాకి పిడికెడు ఎక్కువ పడుతోంది.
పిల్లాడి బడి ఫీజు ఈసారి ఆలస్యమైంది.
అద్భుతమేమీ జరగలేదు.
యావా నాతో మాట్లాడటం లేదు.

నిన్న లెక్కేసుకున్నాను:
తాత పన్నెండేళ్లుగా నా దగ్గరే కొంటున్నాడు.
పరుగున వెళ్లాను.
"ఇన్నాళ్లూ తెలిసే డబ్బులిచ్చావా?"
వల ముడి పంటితో బిగించుకుంటూ
"మొన్నేగా నువ్వు అడిగింది" అన్నాడు.