ముప్పై మూడు

ఫర్వానియాలో రాత్రి పదకొండుకి
బయట నలభై ఒకటి.
ఏడో బెడ్ మీద లింబాద్రి ముప్పై మూడు.

ఒంటికి చుట్టిన నీలం పట్టీల లోపల
చల్లనీళ్లు తిరుగుతుంటాయి.
మిషన్ సన్నగా గొణుగుతుంటుంది
బలవంతాన పెళ్లికొచ్చిన మేనత్తలా.

మొన్న మధ్యాహ్నం ఆరో అంతస్తు గోడకి వేలాడుతూ
ఎవరి గదికో ఏసీ గ్యాస్ నింపుతుంటే
గుండె ఆగిందట.
తాడు పట్టుకుంది గానీ, గుండె పట్టుకోలేదు.
పైకి లాగి, రొమ్ము నొక్కి నొక్కి
మళ్లీ నడిపించేసరికి పద్దెనిమిది నిమిషాలు.
అంతసేపూ మెదడు ఏం తిన్నది?
ఏమీ తినలేదు. అందుకే ఇప్పుడు
దానికి ఆకలి తెలియకుండా జోకొడుతున్నాం.
డాక్టర్ హోసామ్ ఇలా చెప్పడు, మెటబాలిజం అంటాడు.
జోకొట్టడం నా మాట.

పదహారేళ్లు ఎండలో వేలాడి
కువైట్ అంతటికీ చల్లదనం బిగించినవాడు,
తనకి ఇంత చలి ఎవరిచ్చారు ఇన్నాళ్లూ?
అనుకోగానే సిగ్గేసింది.
డ్యూటీలో ఇవన్నీ పనికిరావు. పొటాషియం చూడాలి.

వణుకు వస్తేనే కష్టం.
ఒళ్లు తన వేడిని తనే వెతుక్కుంటుంది,
మేం చేసిందంతా చెడగొడుతుంది.
దవడ కింద వేళ్లు పెట్టి చూస్తాను,
తర్వాత మెడ, తర్వాత రొమ్ము.
అరచేతులకి మాత్రం వెచ్చటి తొడుగులు, పాదాలకి మేజోళ్లు.
చేతులు వెచ్చగా ఉంటే
ఒళ్లు మోసపోతుందట, చలి లేదనుకుంటుందట.
మారిసెల్ నేర్పింది ఈ కిటుకు.
తొడుగు తీసి చూస్తే
గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా నల్లగానే ఉంది.
నేను తుడవలేదు.

రెండింటికి ఫోన్.
డిచ్‌పల్లి నుంచి గంగామణి.
"అక్కా, ఎట్లున్నడు?"
నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.
చల్లగా ఉన్నాడు అనాలా?
మా రాజోలులో చల్లగా ఉండు అంటే దీవెన,
కాళ్లకి మొక్కితే మామ్మ
నెత్తిన చెయ్యేసి అనేది ఆ మాటే.
ఒళ్లు చల్లబడింది అంటే మాత్రం
వాకిట్లో వెదుళ్లు దింపుతారు.
ముప్పై మూడు దగ్గర ఆపి ఉంచిన మనిషికి
మామ్మ దగ్గర మాట లేదు.
"నిద్రపోతున్నాడమ్మా" అన్నాను.
"ఆయనకు ఏసీ పడది అక్కా.
మొన్నొచ్చినప్పుడు ఫ్యాన్ గూడ బందువెట్టి పండుకున్నడు.
దుప్పటి కప్పిన్రా?"
కప్పాం అన్నాను.
చేతులకి తొడుగులున్నాయిగా. పూర్తి అబద్ధం కాదు.

నాలుగింటికి వెచ్చబెట్టడం మొదలు.
గంటకి పావు డిగ్రీ, అంతే.
తొందరపడితే మెదడు పొంగుతుంది,
పొయ్యి మీద మరిచిన పాలలాగే.
ముప్పై మూడుంపావు.
ముప్పై మూడున్నర.
ఏ అంకె దగ్గర మనిషి తిరిగొస్తాడో,
అసలు వస్తాడో రాడో
స్క్రీన్ మీద ఉండదు.
కంట్లో టార్చి వేశాను.
కుడి పాప కదిలింది. ఎడమది ఆలోచిస్తోంది.
చార్టులో మాత్రం "మందంగా" అని రాశాను.

ఏడింటికి బయటికొస్తే అప్పుడే ముప్పై ఎనిమిది.
బస్సు కోసం గోడవార నిలుచుంటే
పైన ఎవరిదో ఏసీ పెట్టె నుంచి
ఒక చుక్క మెడ మీద పడింది.
పక్కకి జరగాలి.
జరగలేదు,
రెండోది పడేదాకా.