వీపు వైపు

పొద్దున ఐదున్నర. కమ్మనహళ్లి.
స్టూడియో షట్టరు సగమే లేచింది.
మూడు సూట్‌కేసులు, స్టీమరు, మడత ఇస్త్రీ బల్ల
దించుతుంటే ఆటో అతను
"ఊరికి పోతా ఉండారా మేడం?" అన్నాడు.
అవునన్నాను.
వివరించే ఓపిక లేదు.

సూట్‌కేసుల్లో ఒక్క గుడ్డా నాది కాదు.
తెల్ల కోటు లావెల్ రోడ్డు షాపుది.
ధర చీటీని చంకలోకి మడిచి టేపు వేశాను.
అది ఊడిందా, రెండు నెలల అద్దె ఊడినట్టే.
బూట్ల అడుగున కూడా టేపే
నడిచినా నడవనట్టు ఉండాలి కదా.
ఇవాంజెలిన్ చేతులు చాచి నిలబడి
"మరి ఊపిరి పీల్చొచ్చా?" అంది.
మెల్లగా, అన్నాను.

చీర మాత్రం చిక్‌పేట నంజుండప్పది.
దానికి చీటీ లేదు, డిపాజిట్ లేదు.
మాది హిందూపురం అని తెలిసిన రోజునుంచి
మడకశిర ఆయన నన్ను మనూరి పిల్లంటాడు.
మూడో అంతస్తు మెట్లెక్కి తనే తెచ్చాడు.
గుడ్డ విప్పి, వేలితో కొంగు చూపించి
"ఫోటోలో ఇది కనపడల్లమ్మా.
ఒక్క కొంగుకే పన్నెండు దినాలు కూచున్నాడు మావాడు."
కనపడుతుందన్నాను.
అప్పుడు నిజంగానే అనుకున్నాను.

కోటు పెద్దది, పిల్ల సన్నం.
నోట్లో పిన్నులు, మోకాళ్ల మీద నేను,
వీపు వెంబడి పదకొండు క్లిప్పులు.
ముందునుంచి చూస్తే ఒంటికి పోత పోసినట్టుంది,
వెనకనుంచి దండెం మీద ఆరేసినట్టుంది.
వెనక్కి ఎవరూ రారు.
వచ్చేది నేనూ,
ఇస్త్రీ పెట్టె పట్టుకున్న రఫీక్ భాయీ.

మధ్యాహ్నం రెండు దాకా
కంపెనీ వాళ్లు మానిటర్ చుట్టూ నిలబడి
నీలం కాస్త తక్కువ నీలంగా ఉంటే బాగుండేదన్నారు.
మూడింటికి, కొంగు తీసేద్దామా అన్నారు.
నాలుగింటికి కెమెరా దగ్గరికి జరిగింది,
ఇంకా దగ్గరికి.
అమ్మేది ఇయర్‌ఫోన్లు.
పన్నెండు దినాలూ ఫ్రేము కిందనుంచి జారిపోయాయి,
నేను చూస్తూనే ఉన్నాను, చేతిలో లింట్ రోలరు.

సర్దేటప్పుడు లెక్కపెడితే క్లిప్పులు పది.
కోటు కాలరు మీద అరచంద్రుడంత మేకప్పు.

రాత్రి పదకొండుకి బాత్రూములో
గడ్డం గీసుకునే నురగ, పాత టూత్‌బ్రష్షు,
ఆ పైన టాల్కం పౌడరు, హెయిర్ డ్రయ్యరు.
అమ్మ ఫోను.
"ఏం చేస్తాండావే?"
బట్టలుతుకుతున్నా.
"దానికేనా బీకాం చదివింది?
ఒకరికి బట్టలు కట్టిచ్చేదానికి దుడ్లిస్తారా?"
ఇస్తారమ్మా. తొంభై దినాలకి.
"కూరగాయలోడు ఆగుతాడా తొంభై దినాలు?"
మరక పోయిందో, తడికి కనపడటం లేదో
తెల్లారితేగానీ తెలీదు.

పోయింది.
లావెల్ రోడ్డు అమ్మాయి కోటును దీపానికెత్తి
అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, సంతకం పెట్టింది.
ఆ పదకొండో క్లిప్పు మాత్రం ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు.

నెల తర్వాత హెబ్బాళ ఫ్లైఓవరు పక్కన
బస్సంత చెవి.
చెవి కింద, భుజం అంచున,
వేలెడంత జరీ.
తెలిసినవాళ్లకే తెలుస్తుంది.
అది జరీయో, వెలుతురు పడి మెరిసిన బొమ్మ అంచో.

నంజుండప్పకి చెప్పకుండా పది రోజులు తప్పించుకున్నాను.
చిక్‌పేట వైపే పోలేదు.
ఆయనే చేశాడు, ఆదివారం,
వెనకాల లారీల హారన్లు.
"సూసినాంలేమ్మా. బస్సులో వచ్చినాం, ఇద్దరమూ.
ఇంకా ఈడే నిలబడుకోని ఉండాం."
నేను ఏదో మొదలుపెట్టాను,
కెమెరా అని, కంపెనీ అని.
ఆయన ఫోను పక్కకి పెట్టి
భార్యతో కన్నడలో ఏదో అన్నాడు.
ఆమె ఏదో అంది.
చాలాసేపు లారీలే వినిపించాయి.
మళ్లీ వచ్చి,
"చెవి బాగుందమ్మా" అన్నాడు.