గాలిలో వాటా

గోడలో బీటను హిల్యే
క్యాలెండరుతో కప్పింది.
పాలడెయిరీ వాళ్లు ఊరికే ఇచ్చిన క్యాలెండరు,
నెలకొక ఆవు.
జూన్ ఆవు వెనక
బీట వేలు పట్టేంత.
నవంబరు ఆవు వచ్చేసరికి
చెయ్యి పట్టేంత.

అరవై ఏళ్లు
గ్రోనింగెన్ పొలాల కింద గ్యాస్ తోడారు.
దేశమంతా వేణ్ణీళ్లు పోసుకుంది, సూప్ కాచుకుంది.
హిల్యే కూడా కాచుకుంది, కాదనదు.
తర్వాత ఒక రాత్రి
అల్మారాలో పింగాణీ కప్పులు
వాటిలో అవి మాట్లాడుకున్నాయి.
ఎల్ట్యో లేచి కూర్చుని "లారీ" అన్నాడు.
ఆ వీధిలో లారీ పట్టదు.

పరిహారం తేల్చడానికి ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు.
ఒకడు టార్చి వేశాడు, ఒకడు స్కేలు పెట్టాడు,
మూడోవాడు కాఫీ తాగి
ఇల్లు పాతదన్నాడు.
ఎల్ట్యో పోయిన ఏడాదికి
డబ్బు వచ్చింది.
గోడకు చాలదు,
గోడ మీది రంగుకు ఎక్కువ.

బడి వంటగదిలో తనతోపాటు గిన్నెలు కడిగే నూర్‌సెల్
ఫోనులో చూపించింది:
సముద్రపు గట్టు మీద లేవబోయే గాలిమర.
యాభై యూరోలకు ఒక వాటా.
బొమ్మలో మర పక్కన పిల్లలు నవ్వుతున్నారు.
ఆ నవ్వుల్ని హిల్యే నమ్మలేదు.
కింద ఎర్రక్షరాల్లో ఒక వాక్యం ఉంది,
"మీరు పెట్టిన డబ్బంతా పోవచ్చు."
దాన్ని నమ్మింది.

రెండుసార్లు చదివింది.
కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి.
"నా ఇంటి కింద బోరు దించినప్పుడు
ఎవరూ ఎర్రక్షరాలు రాయలేదే, నూర్‌సెల్"
అని,
పది వాటాలు కొంది.
"అంగీకరిస్తున్నాను" అన్న చోట
సబ్బునురగ వేలితో నొక్కింది.
ఫోను ఒప్పుకోలేదు.
ఏప్రన్‌కు తుడుచుకుని మళ్లీ నొక్కింది.

మొదటి ఏడాది గాలి సరిగా వీయలేదు.
గేర్‌బాక్సు కూడా విరిగింది.
వడ్డీ వాయిదా అని ఉత్తరం.
గాలికి పోయే పేలపిండిని
కృష్ణార్పణం అనేసే దేశం కాదది,
పిండికీ రసీదు ఉంటుంది.
ఆదివారం సైకిలు తీసి
గట్టు దాకా తొక్కింది, ఎదురుగాలిలో.
(ఇంత గాలి పెట్టుకుని, లేదని రాశారేం?)

ఆగిన మర కింద నిలబడి తలెత్తింది.
వాటాదారులు రెండువేల మూడువందల పద్నాలుగు మంది.
ఇందులో తనది ఏది?
ఒక బోల్టా? లోపలి నిచ్చెనలో ఒక మెట్టా?
రెక్క చివర
పిట్ట రెట్ట పడిన జానెడు తెలుపా?
ఇంకెక్కడో ఒక మంగలి, ఒక రాత్రి నర్సు,
పాకెట్ మనీ పెట్టిన పన్నెండేళ్ల పిల్ల
ఇదే లెక్క వేసుకుంటూ ఉంటారు.
స్తంభం చల్లగా ఉంది.
చెవి ఆనించింది.
లోపల ఎవరో రెంచి జారవిడిచి
నోరారా ఒక బూతు తిట్టారు.
హిల్యేకి ప్రాణం లేచొచ్చింది.

రెండో ఏడాది మార్చిలో పడింది
పందొమ్మిది యూరోల ఇరవై సెంట్లు.
ఒక సంచి గార కొనుక్కొచ్చింది.
మార్చి ఆవును, నల్లమచ్చలదాన్ని,
మేకు నుంచి దించి
పైనుంచి పూడ్చుకుంటూ వచ్చింది.
నడుమెత్తుకు వచ్చేసరికి గార అయిపోయింది.
మిగతా బీట అలాగే ఉంది.
అందులోంచి సన్నగా, చల్లగా
ఏదో తగులుతోంది.
తాపీ పక్కన పెట్టి
అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.

వాయవ్యం.
ఇవాళ మర బాగా తిరుగుతుంది.