నాలుగో గది తలుపు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
రాత్రి రెండింటికి తూకం బిల్లులు ఆగిపోయాయి.
డిస్కు నిండింది. నూటికి నూరు.
బయట తేజా బస్తాలతో పదకొండు లారీలు,
హారన్లు, తుమ్ములు.

సర్వరంటే బల్లకింద పాత డబ్బా,
పైన ఎర్రటి దుమ్ము. ముట్టుకున్న వేలితో
కన్ను నలుపుకోకూడదు, గుంటూర్లో
మొదట నేర్చుకున్న పాఠం అదే.

పాత కెర్నళ్లు ఆరు తీసేశాను.
ప్యాకేజీల కాష్ ఊడ్చాను.
అర జీబీ, ఒక జీబీ... చిల్లర.
డీయూ కొట్టి ఒక్కో ఫోల్డరూ కాటా వేస్తూ పోతే
అడుగున తగిలింది అసలు బస్తా:
ఒకే లాగ్ ఫైలు, డెబ్బై జీబీ.
సెకనుకి ఇరవై వరసలు, అన్నిట్లో ఒకటే మాట:
"నాలుగో గది తలుపు తీసి ఉంది."

నాలుగో గదెక్కడుంది?
నిరుడు వేసవిలో కాలిపోతే
గోడలు కూడా పడగొట్టారు కదా.
తెగిన తీగ ఒకటి మిగిలిందేమో.

ఆరెమ్ కొట్టాను. ఫైలు పోయింది.
డీఎఫ్ చూస్తే
నూటికి నూరే.

కాటా సైదులు నా భుజం మీదుగా తొంగిచూసి
"తుడిచేశారుగా మేడమ్, మరి జాగా ఏదీ?" అన్నాడు.
పోయింది పేరే, సైదులూ.
పట్టుకున్నది ఇంకా వదల్లేదు.
ఎల్సాఫ్ చూపించింది:
మానేసి వెళ్లిన ఏలీషా రాసిన చిన్న ప్రోగ్రాము,
లేని తలుపుకి కాపలా కాస్తూ
నాలుగు వందల రోజులుగా నిద్రపోలేదు.

కిల్ అని కొట్టి, ఎంటర్ మీద
వేలు కాసేపు ఆపాను. ఎందుకో.

ముప్పై ఒక్క శాతం.
ప్రింటరు కిర్రుమంది.
సైదులు మొదటి లారీని కేకేశాడు.
నేను తుమ్మాను.