మూడో నంబరు మెషీన్

మిల్వాకీలో, మిచెల్ వీధి లాండ్రీకి
శుక్రవారం రాత్రి ఎవరూ రారు.
అందుకే నేను వస్తాను.
డాలరులో పావు వంతుని పావలా అనకుండా ఉండలేను.
దుప్పటి ఉతకడానికి పద్నాలుగు పావలాలు,
ఆరబెట్టడానికి ఇంకో ఆరు.

ఫోనులో రెండు ఉత్తరాలు.
ఒకటి సరస్సు ఒడ్డు బడి నుంచి.
దాని పేరు చెబితే ఎదుటివాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.
లక్షా నలభై వేల డాలర్ల అప్పు.
రెండోది మొక్కజొన్న చేల మధ్య బడి నుంచి.
దాని పేరు చెబితే "ఎక్కడా?" అంటారు.
ఫీజు వాళ్ళే కడతారట,
పుస్తకాలకి కూడా ఏదో ఇస్తారట.
రెండింటికీ గడువు ఇవాళ అర్ధరాత్రి.
ఇప్పుడు తొమ్మిదీ ఇరవై.

ఆరు వారాలుగా ఎక్సెల్ షీటులో
జీతానికి ఇంత, ర్యాంకుకి ఇంత, అప్పుకి ఇంత అని మార్కులేశాను.
మొదటిసారి చేలు గెలిచాయి.
ర్యాంకు బరువు రవ్వంత పెంచాను,
సరస్సు గెలిచింది.
తూకంరాళ్ళు మార్చే కొట్టువాడికి
కనీసం ఎదురుగా ఒక గిరాకీ ఉంటాడు.
ఇక్కడ కొట్టూ నాదే, మోసపోయేదీ నేనే.

సరస్సు బడిలో చదివిన మృదుల అంది:
"మా దగ్గరికి కన్సల్టింగ్ కంపెనీలే నడిచొస్తాయి, హైమా.
నీ మొక్కజొన్నల్లోంచి నువ్వే వాటి గుమ్మాలు వెతుక్కోవాలి."
నిజమే.
అప్పు తీరిందా అని అడిగితే నవ్వింది.
ఆ నవ్వు వెయ్యడానికి షీటులో గడి లేదు.

ఇంటర్వ్యూ సాధన బస్సులో, అద్దం ముందు, ఇక్కడ.
"ఈ నగరంలో ఏటా ఎన్ని వాషింగ్ మెషీన్లు అమ్ముడవుతాయి?"
జనం ఐదున్నర లక్షలు, ఇంటికి ఇద్దరున్నర,
పదేళ్ళకోసారి పాతది పోతుందనుకుంటే...
గట్టిగానే అన్నాను కాబోలు,
కౌంటరు వెనక వాండా తలెత్తింది.
డెబ్బై ఏళ్ళుంటాయి. మెడలో తాళాల గుత్తి.

"లెక్కలు బాగా వచ్చినట్టున్నాయే.
పావలాలు మానేసి కార్డు మెషీన్లు పెట్టమంటున్నాడు మా మేనల్లుడు.
పెట్టనా?"

నా మొదటి క్లయింటు.
ఆదాయం, ఖర్చు, పోటీ, ముప్పు.
వేళ్ళు మడిచి నాలుగు నిమిషాలు మాట్లాడాను.
పద్దెనిమిది నెలల్లో పెట్టుబడి వెనక్కొస్తుంది, పెట్టమన్నాను.
ఆమె మొత్తం విని,
"మరి టిప్పుల మీద బతికేవాళ్ళు?" అంది.
"వాళ్ళ జేబుల్లో ఉండేది చిల్లరే.
అయినా మూడో నంబరు పావలా మింగినప్పుడే కదా
జనం నాతో మాట్లాడేది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు మా వైపు.
వినేవాడికి చెప్పేవాడు ఎంత లోకువో
ఇవాళ తెలిసింది.
ఉచిత సలహా అని వెక్కిరించే భాషలో పుట్టి
సలహాకి గంటల చొప్పున బిల్లు వేసే కొలువు కోరుకున్నాను.
కోరిక ఇప్పుడూ పోలేదు, అబద్ధమెందుకు.

"అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారు?"
ఈ ప్రశ్న ముందే అడగాల్సింది.
"ఆదివారం పొద్దున్న వచ్చి కూర్చో, నువ్వే లెక్కపెట్టు."

పదకొండుకి ఆమె లాండ్రీ మూసే లోపు
చేల బడికి డిపాజిట్ కట్టేశాను.
కారణాలు అడిగితే షీటు చూపిస్తాను,
రెండు వైపులా ఉన్నాయి.
వడ్డీ నడవని మనిషికి
ఒక ఆదివారం ఊరికే కూర్చునే వీలుంటుందనిపించింది.
అంతకు మించి ఏమీ లేదు.
సరస్సు బడికి "రావట్లేదు" అని రాయడానికి మాత్రం
ఇంకా చెయ్యి రాలేదు.

డ్రయ్యరుకి ఒక పావలా తక్కువైంది.
వాండా వచ్చి మూడో నంబరు నడుం మీద ఒక్కటి గుద్దింది.
రెండు పావలాలు రాలాయి.
"ఒకటి నాది కాదు," అన్నాను.
"నీ ఫీజు," అంది.

పది నిమిషాలు తిరిగి ఆగింది.
దుప్పటి అంచు ఇంకా తడిగానే ఉంది.
అలాగే మడత పెట్టాను.